వరదలో జనం రాసిన మాటల్లో భయం ఎంతుందో కొలిస్తే, పడవ ముందు ఎటు పోవాలో తెలుస్తుందా?

పదకోశం
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్ పీజీ చేస్తున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడ మునిగినప్పుడు సోషల్ మీడియాలో వచ్చిన తెలుగు పోస్టులను ప్రాజెక్టుగా తీసుకున్నా. ఒక్కో పోస్టులో భయం, కోపం, దుఃఖం ఎంతెంత ఉన్నాయో ప్రోగ్రామ్ లెక్కగట్టి, పేటల వారీగా మ్యాప్ మీద రంగు వేస్తుంది. ఎక్కడ ఎర్రగా ఉంటే సహాయం ముందు అక్కడికి పంపాలన్నది నా వాదన. ఇది పనికిరాదు సరికదా ప్రమాదం కూడా అని నా రూమ్మేట్ రెండు రోజులుగా పోట్లాడుతున్నాడు. మీరేమంటారు?

పాయకాపురం
మీ రూమ్మేట్‌దే కరెక్ట్. కోపంతో అనట్లేదు, చూసింది చెప్తున్నా.

వరదొచ్చిన ఆ ఆదివారం, సెప్టెంబరు 1న, నేను బెంగళూరులో ఉన్నా. అమ్మ, చెల్లి, చెల్లి నాలుగు నెలల పాప విజయవాడలో మా ఇంటి పైఅంతస్తులో ఉన్నారు. మధ్యాహ్నం ఫ్యామిలీ గ్రూపులో అమ్మ పెట్టిన మెసేజ్ ఇది: "నీళ్ళు మూడో మెట్టు దాటాయి. పాల ప్యాకెట్ ఒకటే ఉంది. ఫోన్ 9 శాతం. ఆపేస్తున్నా."

అంతే. అందులో భయం అన్న మాట లేదు, దేవుడా అని లేదు, ఏడుపు బొమ్మ లేదు. అదే గంటలో గుంటూరులో పొడి ఇంట్లో ఉన్న మా పిన్ని "నా గుండె ఆగిపోయేలా ఉంది, ఎవరైనా కాపాడండి" అని ఫేస్‌బుక్‌లో పేద్ద పోస్టు పెట్టింది. ఆవిడ ప్రేమని తప్పుపట్టను, ఆ రాత్రంతా ఆవిడ కూడా నిద్రపోలేదు. కానీ మీ ప్రోగ్రామ్ ఎవరికి ఎరుపు వేస్తుంది?

తర్వాత రెండు రోజులు మా వీధి నుంచి ఒక్క అక్షరం రాలేదు. కరెంటు లేదు, ఫోన్లు చచ్చాయి. మీ మ్యాప్‌లో ఆ రెండు రోజులూ మా వీధి తెల్లగా, ప్రశాంతంగా ఉంటుంది.

పదకోశం
చదివి కాసేపు ఏమీ రాయలేకపోయానండి. అమ్మగారు, పాప బాగున్నారు కదా?

నా వైపు ఒక్క మాట. నేను చూసేది ఒక్క మెసేజ్ కాదు, వేల పోస్టులు. ఒకరు తక్కువ చెప్పినా ఇంకొకరు ఎక్కువ చెప్పినా మొత్తం మీద సర్దుకుంటుంది కదా?

పాయకాపురం
అందరూ క్షేమమే. కానీ సర్దుకోదండి. మునిగినవాళ్ళ ఫోన్లు ఆగిపోతాయి, బయటివాళ్ళవి ఆగవు. తప్పు రెండు వైపులా సమానంగా ఉంటే కదా సర్దుకునేది. ఇక్కడ అంతా ఒకే వైపు ఉంది. పైగా మా అమ్మ రాసింది వాట్సాప్‌లో. అది మీకు అసలు కనపడదు.

రాత్రి డ్యూటీ
నేను 2021 ఏప్రిల్, మే నెలల్లో, కరోనా సెకండ్ వేవ్ అప్పుడు, ఆక్సిజన్ సిలిండర్లు, బెడ్లు వెతికిపెట్టే వాలంటీర్ గ్రూపులో ఉన్నా. మాకు ఉపయోగపడ్డ పోస్టు ఎలా ఉండేదో చెప్తా. పేషెంటు వయసు, ఆక్సిజన్ లెవల్ 82, ఏ ఊరు, ఏ బ్లడ్ గ్రూపు, పక్కన ఉన్నవాళ్ళ నంబరు. ఇంతే. చదివితే గుండె పిండేసే పోస్టులు వేల షేర్లు తెచ్చుకునేవి, తీరా ఫోన్ చేస్తే అవి మూడు రోజుల పాతవి. ఆ మనిషి అప్పటికే పోయి ఉండేవాడు. అలాంటి ఫోన్లు నేను నాలుగు చేశాను. ఇంకా గుర్తున్నాయి.

ఇంకోటి. కోపం ఎక్కడుందో చూపించే మ్యాప్ ఎవరి చేతిలో ఉంటుంది? సెకండ్ వేవ్‌లో ఆక్సిజన్ లేదని రాసినవాళ్ళ మీదే కేసులు పెడతామన్న పరిస్థితి వచ్చింది. సోషల్ మీడియాలో బాధ చెప్పుకునే పౌరుల నోరు నొక్కొద్దని 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. సహాయం కోసం గీసిన మ్యాప్ రేపు ఎవరింటి తలుపు తట్టడానికి వాడతారో ఆలోచించు తమ్ముడూ.

తెలుగు మేష్టారు
భాష సంగతి నేను చెప్తాను బాబూ. నీ ప్రోగ్రామ్ ఏ పదాల జాబితా వాడుతోంది? కెనడా జాతీయ పరిశోధన మండలి వాళ్ళ ఇంగ్లీషు జాబితాకి తెలుగు రూపం అయితే, అది మెషీన్ అనువాదం. "కడుపు మండిపోతోంది" అంటే దానికి కడుపు, మంట కనిపిస్తాయి. మనకి కోపం కనిపిస్తుంది. "మీకు దండం పెడతాను" అన్నది ప్రాధేయపడటమా, విసిగిపోవడమా? ముందు వెనక చదవకుండా నేనే చెప్పలేను. చేతులు జోడించిన బొమ్మ అయితే కృతజ్ఞతకీ అదే, వేడుకోలుకీ అదే, శ్రద్ధాంజలికీ అదే. మనవాళ్ళు ఎంత కష్టంలో ఉన్నా "కాస్త చూడండి" అంటూ మర్యాదగానే అడుగుతారు. ఆ "అండి"ని చూసి నెమ్మదిగా ఉన్నారనుకుంటే పొరపాటే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ళ సంగతి సరేసరి. ఒకే మాటని పది రకాలుగా రాస్తారు.

ఒక పాత ఉదాహరణ చెప్తాను. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో పేజర్లకి (చిన్న సందేశాలు అందుకునే జేబు యంత్రాలు) వెళ్ళిన సందేశాలు 2009లో వికీలీక్స్ ద్వారా బయటికొచ్చాయి. వాటిని విశ్లేషించినవాళ్ళు, ఆ రోజు గంటగంటకీ జనంలో కోపం పెరిగిందని 2010లో ప్రకటించారు. మరుసటి ఏడాది ఇంకో పరిశోధకురాలు ఆ సందేశాలు తెరిచి చదివారు. ఆ కోపంలో పెద్ద భాగం ఒక కంప్యూటర్‌ది! ఫలానా మెషీన్‌ని రీబూట్ చేయండి, పరిస్థితి "క్రిటికల్" అంటూ ఒకే పేజర్‌కి వేలసార్లు దానంతటదే పంపింది. "క్రిటికల్" అన్నది వాళ్ళ ప్రోగ్రామ్ వాడిన కోపం పదాల జాబితాలో ఉంది. నువ్వు నీ పోస్టులు ఎన్ని కూర్చుని చదివావు?

పదకోశం
నిజం చెప్పాలంటే పదిహేనో, ఇరవయ్యో. ఈ రాత్రి చదువుతానండి.

మున్నేటి ఒడ్డు
మాది ఖమ్మం. అదే సెప్టెంబరు 1న మున్నేరు మా వీధుల్లోకి వచ్చింది. నేను మాత్రం భావోద్వేగాల విశ్లేషణని పూర్తిగా కొట్టిపారేయను. పడవ పంపడానికి అది పనికిరాదు, ఒప్పుకున్నా. కానీ వరద పోయాక? మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. నెలల తరబడి, వాన చప్పుడు వినపడితే లేచి చెప్పులు వేసుకుని మంచం మీద కూర్చునేవాడు. బురద కడగడానికి ఫైరింజన్లు వస్తాయి, దీనికెవరు వస్తారు? నిద్ర పట్టట్లేదు, మబ్బు పడితే టెన్షన్ అని జనం రాసుకున్న మాటలు ఏ పేటలో ఎక్కువున్నాయో తెలిస్తే కౌన్సెలర్లని అక్కడికి పంపొచ్చు కదా. విజయవాడలో నీళ్ళు తగ్గాక బుడమేరు మళ్ళీ తెగిందని పుకారు లేచి జనం వణికిపోయారు. అధికారులు అబద్ధమని చెప్పాల్సి వచ్చింది. అలాంటి భయం ఎక్కడ పుడుతోందో త్వరగా కనిపెడితే మంచిదే.

రాత్రి డ్యూటీ
వరద పోయాక అంటే నాకూ అభ్యంతరం లేదు, మనుషుల పేర్లు తీసేస్తే. పుకారు విషయంలో మాత్రం జాగ్రత్త. నిజంగా కట్ట తెగినా జనం రాసేది అవే మాటలు. మాటని బట్టి కాదు, కట్ట దగ్గరికి ఒక మనిషిని పంపి చూడాలి.

పదకోశం
మేష్టారూ, రాత్రి రెండింటి దాకా చదివాను. మ్యాప్‌లో అన్నిటికంటే ఎర్రగా వచ్చిన మచ్చ ఎక్కడిదో తెలుసా? ప్రకాశం బ్యారేజీ. ఆ రెండు రోజుల్లో అక్కడి ప్రవాహం రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది కదా, "ప్రమాద హెచ్చరిక కొనసాగుతోంది" అన్న ప్రకటనని వందల అకౌంట్లు కాపీ చేసి పెట్టాయి. "ప్రమాదం" అన్నది నా భయం జాబితాలో మొదటి పేజీలోనే ఉంది. నీళ్ళలో మునిగిన సింగ్‌నగర్ వైపు చూస్తే ఆదివారం సాయంత్రం నుంచి రంగు పలచబడిపోయింది. పాయకాపురం గారు చెప్పినట్టే.

ఖతార్ కంప్యూటింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఏఐడీఆర్ అనే ప్రోగ్రామ్‌లాగా, అవసరం, నష్టం, సహాయం అని పోస్టులని విడదీసే పద్ధతిలో ప్రాజెక్టు మళ్ళీ మొదలుపెడుతున్నా. 2015 నేపాల్ భూకంపంలో దాన్ని వాడారు. పాలు, మందులు, మెట్లు, ఫోన్ చార్జింగ్ లాంటి మాటలు చేత్తో గుర్తించి జాబితా చేస్తా. అంతకుముందు మాట్లాడుతూ ఉండి, ఒక్కసారిగా మాట ఆగిపోయిన వీధులకి వేరే గుర్తు పెడతా. మున్నేటి ఒడ్డు గారు చెప్పింది రెండో భాగం అవుతుంది.

పాయకాపురం గారూ, అమ్మగారి మెసేజ్‌ని పేరు లేకుండా ఉదాహరణగా వాడుకోవచ్చా?

పాయకాపురం
అమ్మని అడిగి చెప్తా.

పాయకాపురం
అడిగాను. వాడుకోమంది. కానీ ఆ మెసేజ్ పంపేటప్పటికే నీళ్ళు నాలుగో మెట్టు మీద ఉన్నాయట, కంగారులో మూడని కొట్టిందట. నాలుగని దిద్ది రాయమంది.