‘డి వ్రీస్’లో డి ఇనిషియలా? శుభలేఖ అచ్చుకి వెళ్ళేలోపు ఎవరైనా చెప్పండి

గోదారి గట్టు:
అందరికీ నమస్కారమండి. మాది రాజమండ్రి. మా అమ్మాయి నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తోంది, అక్కడి అబ్బాయితోనే పెళ్లి కుదిరింది. అబ్బాయి ఇంటిపేరు డి వ్రీస్. నిన్న శుభలేఖ ప్రూఫ్ వచ్చింది. చూస్తే ‘డి. వ్రీస్’ అని డి పక్కన చుక్క పెట్టి కొట్టారు, మన కె. సుబ్బారావు లాగ. అంటే డి ఇంటిపేరు, వ్రీస్ కుర్రాడి పేరు అయిపోయాయన్నమాట. ప్రెస్ కుర్రాణ్ణి అడిగితే "ఒంటి అక్షరానికి చుక్క పెట్టాలి కదండీ" అన్నాడు. వాణ్ణి అనడానికేం లేదు, నేను కాగితం మీద రాసిచ్చిందే అలా ఉంది.

నా సందేహాలు మూడు. ఆ డి ఏంటి? ఇంటిపేరుకి అర్థం ఏంటి (చుట్టాలంతా అడుగుతున్నారు)? పెళ్లయ్యాక మా అమ్మాయి ఇంటిపేరు మారిపోతుందా? మా బావమరిదైతే "పేరు ముందు డి ఉందంటే జమీందార్ల వంశం బావా, ఫ్రాన్సులో అంతే" అని ఊరంతా చెప్పేస్తున్నాడు. అబ్బాయినే అడగొచ్చు గానీ, కాబోయే అల్లుణ్ణి నీ ఇంటిపేరుకి అర్థమేంటని అడగడానికి మొహమాటంగా ఉందండి.

హేగ్ తమ్ముడు:
ముందుగా శుభాకాంక్షలు బాబాయ్ గారూ. నేనిక్కడికొచ్చి పదకొండేళ్ళు. చుక్క అర్జెంటుగా తీయించేయండి. అది ఇనిషియల్ కాదు, ఇంటిపేరులో భాగమే. డచ్‌లో దాన్ని ‘ద’ అని పలుకుతారు. ఇంగ్లీషులో ‘ద’ ఎలాగో ఇదీ అంతే. ఫ్రెంచి వాళ్ళ ‘ద’ అంటే ‘ఫలానా చోటి’ అని అర్థం. అక్కడ కొన్ని పెద్ద వంశాలకి ఉంటుంది కాబట్టి మీ బావమరిది గారు పొరబడ్డారు. డచ్ ‘ద’కి జమీందారీతో ఏ సంబంధమూ లేదు. ద బూర్ అంటే రైతు, ద ఖ్రోట్ అంటే పెద్దవాడు, ద యోంగ్ అంటే చిన్నవాడు. బార్సిలోనాకి ఆడే ఫ్రెంకీ డి యాంగ్ ఉన్నాడే, ఆ పేరే. తండ్రికీ కొడుక్కీ ఒకే పేరున్నప్పుడు కొడుకుని ‘చిన్న’ అనడం మనకీ ఉంది కదా.

ఇక వ్రీస్ అంటే ఫ్రీజియన్. నెదర్లాండ్స్‌కి ఉత్తరాన సముద్రం ఒడ్డున ఫ్రీస్‌లాండ్ అని ఒక రాష్ట్రం ఉంది, ముఖ్య పట్టణం లేవార్డెన్. వాళ్ళ భాష వేరు. డచ్‌తో పాటు దానికీ అక్కడ అధికార హోదా ఉంది. ఆ ప్రాంతం నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కో హార్లెమ్‌కో బతుకుతెరువుకి వచ్చినవాణ్ణి అక్కడి జనం ‘ఆ ఫ్రీజియన్’ అనేవాళ్ళు. పిలుపు కాస్తా ఇంటిపేరై కూర్చుంది.

మీకు సులువుగా గుర్తుండాలంటే, మన పాడి రైతులు పెంచే హెచ్.ఎఫ్. ఆవుని తలుచుకోండి. నలుపు తెలుపు మచ్చల ఆవు, హోల్‌స్టీన్ ఫ్రీజియన్. అందులో ఎఫ్, మీ అల్లుడి గారి ఇంటిపేరు, రెండూ ఒకే ఊరి సరుకు.

గోదారి గట్టు:
చుక్క తీసేయమని ఇప్పుడే ఫోన్ చేశానండి. చాలా థాంక్స్. ఆవు సంగతి మాత్రం మా బావమరిదికి చెప్పను.

బైపీసీ బాచి:
మాస్టారూ, ఈ పేరు మీరు ఎప్పుడో చదివే ఉంటారు. ఇంటర్‌లో ఉత్పరివర్తన (మ్యుటేషన్) సిద్ధాంతం, డచ్ వృక్షశాస్త్రవేత్త హ్యూగో డీవ్రీస్! హార్లెమ్‌లో 1848లో పుట్టాడు. మెండెల్ వంశపారంపర్య సూత్రాలు ముప్ఫై ఏళ్ళకి పైగా మూలన పడి ఉంటే 1900లో మళ్ళీ వెలుగులోకి తెచ్చిన ముగ్గురిలో ఒకడు. ఈనోథెరా లామార్కియానా అన్న మొక్క పేరు బట్టీ కొట్టలేక నేను ఏడ్చింది ఈయన వల్లే. మన పుస్తకాల్లో డీవ్రీస్ అని కలిపే వేస్తారు. శుభలేఖలోనూ అలా కలిపి వేయించండి, చుక్క గొడవే ఉండదు.

హేగ్ తమ్ముడు:
బాచి గారి మాటే నాదీ. శుభలేఖలో కలిపేయండి. అసలు ఉచ్చారణ ‘ద వ్రీస్’, అందులో వ కొంచెం ఫ వైపు ఒరుగుతుంది. అది పట్టుకుని ‘ద ఫ్రీస్’ అని వేయిస్తే ఇంకో గందరగోళం. కానీ కాగితాల దగ్గర, అంటే వీసా, పెళ్లి రిజిస్ట్రేషన్ ఫారాల్లో, పాస్‌పోర్టులో ఎలా ఉంటే అచ్చం అలాగే, ద విడిగా, వ్రీస్ విడిగా. ద వదిలేసి ఒక్క వ్రీస్ అని రాస్తే అది వేరే ఇంటిపేరు కింద లెక్క. విమానం టికెట్లో రెండూ అంటుకుపోయి పడతాయి, దానికి టెన్షన్ పడకండి.

ఇంకో తమాషా. ఇక్కడ అక్షర క్రమంలో పేర్లు పెట్టేటప్పుడు ఈ ద, వాన్, వాన్ డెన్ లాంటివి లెక్కలోకి తీసుకోరు. డి వ్రీస్‌ని వి దగ్గర వెతకాలి, వాన్ డెన్ బెర్గ్‌ని బి దగ్గర. ఫారాల్లో ఈ చిన్న ముక్కకి విడిగా ఒక గడే ఉంటుంది. నేను చేరిన కొత్తలో మా ఆఫీసు జాబితాలో మా మేనేజర్ పేరు కోసం డి దగ్గర అరగంట వెతికి, ఆయన ఉద్యోగం మానేశాడేమో అనుకున్నాను. పక్క దేశం బెల్జియంలో మళ్ళీ రివర్సు, అక్కడ డి దగ్గరే ఉంటుంది. రాతలోనూ తేడా ఉంది. డచ్ వాళ్ళు ముందు సొంత పేరు ఉంటే ద చిన్న అక్షరంతో, ఇంటిపేరు ఒక్కటే వాడితే పెద్ద అక్షరంతో రాస్తారు. మన లిపిలో ఆ బాధ లేదు, అదృష్టవంతులం.

గోదారి గట్టు:
నెట్‌లో వెతికితే డి వ్రీస్‌లు కుప్పలు కుప్పలుగా వస్తున్నారండి. కారు రేసులవాడు ఒకడు, ఆమ్‌స్టర్‌డామ్‌లో కాల్చి చంపిన విలేకరి ఒకాయన, అమెరికాలో కృత్రిమ గుండె పెట్టిన డాక్టరు ఒకాయన. వీళ్ళంతా అబ్బాయి వాళ్ళకి జ్ఞాతులేనా?

హేగ్ తమ్ముడు:
కాదు బాబాయ్ గారూ. ఇంటిపేరు ఒకటైతే ఒకే వంశం అనే లెక్క ఇక్కడ పనికిరాదు. 2007 లెక్కల్లో డి వ్రీస్‌లు సుమారు 71 వేల మంది. అప్పటి దేశ జనాభా కోటీ అరవై మూడు లక్షల పైచిలుకు, అంటే ప్రతి 230 మందిలో ఒకరు. 1947లో సుమారు 50 వేలు. 2007లో దేశం మొత్తం మీద మూడో స్థానం. మొదటిది డి యాంగ్, దాదాపు 84 వేలు. రెండోది యాన్సెన్, 73 వేల పైన. యాన్సెన్‌ని ఒక ఎస్‌తోనూ రెండు ఎస్‌లతోనూ రాస్తారు, వేర్వేరు పేర్లుగా లెక్కేస్తారు. రెండూ కలిపితే అదే నెంబర్ వన్. నన్నడిగితే కలపాల్సిందే.

ఇంతమంది ఎందుకయ్యారంటే, 1811 దాకా అక్కడ చాలామందికి, ముఖ్యంగా ఫ్రీస్‌లాండ్ లాంటి చోట్ల, స్థిరమైన ఇంటిపేరే లేదు. తండ్రి పేరు తగిలించుకునేవాళ్ళు. పీటర్ కొడుకు యాన్ అయితే యాన్ పీటర్స్, ఆ యాన్ కొడుకు డౌవే అయితే డౌవే యాన్స్. తరానికో పేరు. నెపోలియన్ ఆ దేశాన్ని కలుపుకున్నాక 1811 ఆగస్టు 18న ఆజ్ఞ జారీ చేశాడు, ఇంటిపేరు లేనివాళ్ళంతా ఒకటి పెట్టుకుని నమోదు చేయించుకోవాలని. అలా పెట్టుకున్నవాళ్ళలో డి వ్రీస్‌ని ఎంచుకున్న కుటుంబాలు బోలెడు, ఒకరికొకరు ఏమీ కానివాళ్ళు. యూదు కుటుంబాల్లోనూ ఈ పేరు బాగా కనిపిస్తుంది. మరి ఫ్రీస్‌లాండ్‌లో అందరూ ఫ్రీజియన్లే కదా, అక్కడ ఆ పేరెందుకు అని మీరు అడగొచ్చు. తమాషా అదే, అక్కడా ఇది చాలా ఎక్కువ.

ఎవరో చెప్పారు:
నెపోలియన్ సంగతి నేనూ విన్నాను. పేర్లు పెట్టుకోమంటే జనం మండిపడి, ఫ్రెంచి వాళ్ళు ఎలాగూ పోతారులే అని కావాలనే వెటకారం పేర్లు రాయించారట. ‘బట్టల్లేకుండా పుట్టినవాడు’ అని కూడా ఇంటిపేరు ఉందట!

హేగ్ తమ్ముడు:
నాక్ట్‌ఖెబోరెన్. ఆ పేరు నిజంగానే ఉంది. కథ మాత్రం ఉత్తిదే. ఇక్కడ ఏ పార్టీకి వెళ్ళినా ఎవరో ఒకరు చెప్తారు, నేనూ రెండేళ్ళు నమ్మాను. అది ‘తండ్రి పోయాక పుట్టినవాడు’ అనే జర్మన్ మాట నోళ్ళలో నలిగి అలా తయారైంది. 1811 కంటే ముందు నుంచీ ఉన్న పేరే. వింతగా కనిపించే పేర్లలో చాలా వాటి సంగతి ఇంతే.

డైక్‌స్ట్రా బాధితుడు:
సీఎస్ఈ వాళ్ళ తరఫున నేనొక్క మాట. అసలైన ఫ్రీజియన్ ఇంటిపేర్లు తెలియాలంటే చివర్న ‘స్ట్రా’ ఉందేమో చూడండి. డైక్‌స్ట్రా అంటే కరకట్ట దగ్గరవాడు. దగ్గరి దారి వెతికే షార్టెస్ట్ పాత్ అల్గారిథమ్ కనిపెట్టి 1959లో అచ్చు వేసిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా పుట్టింది రోటర్‌డామ్‌లో, ఇంటిపేరు మాత్రం ఫ్రీస్‌లాండ్‌ది. హూక్‌స్ట్రా అంటే మూలమీది ఇంటివాడు. టెర్ప్‌స్ట్రా అంటే దిబ్బ మీదివాడు. సముద్రం పొంగితే మునగకుండా వాళ్ళు మట్టి దిబ్బలు పోసుకుని పైన ఇళ్ళు కట్టుకునేవాళ్ళు. లంక గ్రామాల వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

బందరు బుల్లోడు:
మా బందరు సంగతి రాకుండా డచ్ వాళ్ళ గురించి ఎలా మాట్లాడుకుంటారండీ? 1605 నాటికే మచిలీపట్నం వచ్చి వ్యాపారం మొదలెట్టారు. హాలెండ్ వాళ్ళని మనవాళ్ళు వలందులు అన్నారు, మా ఊళ్ళో వలందపాలెం ఇప్పటికీ ఉంది. పక్కనే ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచి వాళ్ళ పేరున పరాసుపేట. ఎక్కడినుంచి వచ్చావో అదే నీ పేరు. మనుషులకీ అంతే కదా. తమిళదేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళని ద్రావిడులు అన్నాం. అక్కడే ఉండిపోతే వాళ్ళని ఎవరూ అలా పిలిచేవారు కాదు.

హేగ్ తమ్ముడు:
బుల్లోడు గారూ, ద్రావిడుల పోలిక అదిరింది. డి వ్రీస్‌కి ఇంతకంటే బాగా అర్థం చెప్పలేం. బాబాయ్ గారూ, చుట్టాలకి ఇదే చెప్పండి.

ఊరిపేరుతో ఇంటిపేర్లు కూడా మనలాగే. వాటికి ముందు ‘వాన్’ వస్తుంది, ఫలానా చోటినుంచి అని. వాన్ డైక్ కట్ట మీదివాడు, వాన్ బేక్ వాగు దగ్గరవాడు. 2023 జూన్‌లో హరారేలో వెస్టిండీస్ మీద నెదర్లాండ్స్ గెలిచిన మ్యాచ్ చూశారా? సూపర్ ఓవర్లో 30 పరుగులు కొట్టినవాడు లోగన్ వాన్ బేక్. మ్యాచ్‌ని అక్కడిదాకా లాక్కొచ్చింది మన విజయవాడలో పుట్టిన తేజ నిడమానూరు, 111 కొట్టాడు. స్కోర్‌బోర్డు మీద ఒకడిది వాగు, ఒకడిది ఊరు. మా డచ్ కొలీగ్‌కి నిడమానూరు ఊరి పేరని చెప్తే, "అయితే మీకు వాన్ అక్కర్లేదన్నమాట" అన్నాడు.

ఐంధోవెన్ అక్క:
అన్నయ్య గారూ, మీ మూడో ప్రశ్న అందరూ మర్చిపోయారు. మా వారు డచ్, కాబట్టి ఈ దారి నాకు తెలుసు. ఇక్కడి చట్టం ప్రకారం పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారదు. పుట్టింటి పేరే రికార్డుల్లో ఉంటుంది. రోజువారీ వాడకానికి మాత్రం మున్సిపాలిటీలో నాలుగింట్లో ఒకటి ఎంచుకోవచ్చు. తన పేరు, భర్త పేరు, భర్తది ముందు తనది వెనక, తనది ముందు భర్తది వెనక. మీ ఇంటిపేరు వేమూరి అనుకోండి, డి వ్రీస్-వేమూరి అనో వేమూరి-డి వ్రీస్ అనో మధ్యలో గీతతో. ఈ సౌకర్యం అబ్బాయికీ ఉంది, కావాలంటే ఆయనే వేమూరి అని పిలిపించుకోవచ్చు! తర్వాత మార్చుకోవచ్చు కూడా. నేను మొదటి ఏడాది మోజుకొద్దీ మా వారి పేరు వాడి, కొరియర్ వాళ్ళు ఒక పేరు, బ్యాంకు కార్డు మీద ఇంకో పేరు అయ్యేసరికి విసిగి మా నాన్న పేరుకే తిరిగొచ్చేశాను. అమ్మాయిని తొందరపడి ఇండియన్ పాస్‌పోర్టులో పేరు మార్పించుకోవద్దనండి. ఇక్కడ దానివల్ల ఒరిగేదేం లేదు.

రేపు పిల్లలు పుడితే తల్లి ఇంటిపేరో తండ్రి ఇంటిపేరో ఒకటి ఎంచుకునే వీలు 1998 నుంచి ఉంది. 2024 జనవరి 1 నుంచి రెండూ కలిపి పెట్టొచ్చు, ఏది ముందన్నది మీ వాళ్ళ ఇష్టం. ఇందులో గీత ఉండదు. మొదటి బిడ్డకి ఏది పెడితే తర్వాతి వాళ్ళకీ అదే. పెళ్లైన జంట ఏమీ చెప్పకపోతే తండ్రి పేరు పడిపోతుంది. ఇది మాత్రం కాన్పు హడావుడి మొదలవ్వకముందే మాట్లాడుకోమనండి. మేం ఆ హడావుడిలోనే వాదించుకున్నాం.

గోదారి గట్టు:
చెల్లెమ్మా, నా గుండెల్లో బరువు దించేశావు. మా ఇంటిపేరు దాంతోనే ఆఖరు అనుకుని రెండు రోజుల నుంచి మా ఆవిడ సరిగ్గా అన్నం తినలేదు. ఇప్పుడే చదివి వినిపించాను.

ఆ కుటుంబం ఫ్రీస్‌లాండ్‌లో ఏ ఊరిదో తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా? పందిట్లో నాలుగు మాటలు చెప్పమంటున్నారు నన్ను.

హేగ్ తమ్ముడు:
ఉంది. ఇక్కడ హేగ్‌లో సీబీజీ అని కుటుంబ చరిత్రల సంస్థ ఉంది. వాళ్ళ ఇంటిపేర్ల భాండాగారం ఆన్‌లైన్‌లో ఉచితం. పేరు కొడితే అర్థం, 1947, 2007 లెక్కలు, మ్యాప్ వస్తాయి. కాకపోతే డి వ్రీస్ కొడితే మ్యాప్ దాదాపు అంతా రంగు నిండిపోతుంది, ఊరు తెలీదు. ఊరు కావాలంటే అబ్బాయి తాతగారి తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం కనుక్కోండి. లేవార్డెన్‌లో ట్రెసోవర్ అనే ప్రాంతీయ భాండాగారం ఉంది, 1811లో ఎవరు ఏ పేరు పెట్టుకున్నారో ఆ రిజిస్టర్ల సమాచారం వాళ్ళ దగ్గర ఉంది. ‘ఆలె ఫ్రీజెన్’ అనే వాళ్ళ సైట్‌లో తాతల పేర్లతో వెతకొచ్చు. ఒక్క మెలిక, 1811కి వెనక్కి వెళ్తే డి వ్రీస్ కోసం వెతక్కండి, తండ్రి పేరు పట్టుకుని వెళ్ళాలి. దీనికి మాత్రం మొహమాటం వదిలి అబ్బాయినే అడగండి. డచ్ వాళ్ళకి తాతముత్తాతల జాబితా అంటే సరదా, సంతోషంగా మొత్తం పంపిస్తారు.

గోదారి గట్టు:
అడిగానండి. పది నిమిషాల్లో ఏడు తరాలు పంపాడు! పై రెండు తరాల్లో ఇంటిపేరు లేదు, మీరన్నట్టే తండ్రుల పేర్లే ఉన్నాయి. కొత్త ప్రూఫ్ కూడా వచ్చింది, డీవ్రీస్ అని కలిపి, చుక్క లేకుండా. అంతా బాగుంది అనుకుని పంతులు గారికి చూపిస్తే, "ఇంటిపేరు సరే, గోత్రం జాగా ఖాళీగా ఉందేం?" అన్నారు. దానికి విడిగా పోస్టు పెడతాను, బందరు బుల్లోడు గారు తప్పక రావాలి.