యూనివర్సిటీ ఇన్సూరెన్సా, బయటి ప్లానా? వేవర్ పెట్టడం మంచిదేనా?

హన్మకొండ కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఆగస్టులో ఎంఎస్ కోసం టెక్సాస్ వెళ్తున్నాను. యూనివర్సిటీ ఫీజు బిల్లులో హెల్త్ ఇన్సూరెన్స్ అని ఏడాదికి 2,900 డాలర్లు వేశారు. వేరే ప్లాన్ ఉందని చూపించి వేవర్ పెట్టుకుంటే ఆ డబ్బు తీసేస్తారట. సీనియర్లు బయట 600 డాలర్లకే ప్లాన్ వస్తుంది, అది తీసుకో అంటున్నారు. మిగిలేది దాదాపు రెండు లక్షల రూపాయలు. మా నాన్న ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తెచ్చారు. ఆ రెండు లక్షలతో షేరింగ్ రూముకి ఐదు నెలల అద్దె కట్టుకోవచ్చు. నాకు 23 ఏళ్లు, ఆస్పత్రిలో ఎప్పుడూ అడ్మిట్ కాలేదు. అక్కడ ఉన్నవాళ్లు మీ అనుభవం చెప్పండి.

ఫ్రిస్కో అన్న:
తమ్ముడూ, నేను రెండేళ్లూ బయటి ప్లాన్ మీదే ఉన్నాను. మనలాంటి విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసాకి ఇన్సూరెన్స్ ఉండి తీరాలని ఫెడరల్ రూల్ ఏదీ లేదు. ఎక్స్చేంజ్ ప్రోగ్రాముల మీద వచ్చే జే-1 వీసా వాళ్లకైతే ఉంది, కనీసం లక్ష డాలర్ల కవరేజీ ఉండాలి. మనకి అడిగేది యూనివర్సిటీయే. వాళ్లు ఒప్పుకున్న ప్లాన్ తీసుకున్నాక ఇక భయమెందుకు? రెండేళ్లలో నాకు ఒక వైరల్ ఫీవర్, ఒకసారి కాలు బెణకడం, అంతే. రెండూ క్యాంపస్ హెల్త్ సెంటర్లోనే చూపించుకున్నాను. ఆ సెంటర్ ఫీజు ఎలాగూ ట్యూషన్‌తో కలిపే కట్టించుకుంటారు, ఇన్సూరెన్స్ ఏదన్నది వాళ్లకి అక్కర్లేదు. లోన్ వడ్డీ 11, 12 శాతం నడుస్తుంటే వాడని ఇన్సూరెన్స్‌కి రెండేళ్లలో నాలుగు లక్షలు పోయడం నాకు సబబుగా అనిపించదు.

బిల్లింగ్ డెస్క్ అక్క:
నేను ఇక్కడ ఒక ఆస్పత్రి బిల్లింగ్ విభాగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఫ్రిస్కో అన్న చెప్పింది జ్వరాల వరకూ నిజమే. పోయినేడు మా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెప్తాను.

తెలుగు అబ్బాయే. రాత్రి రెండింటికి కడుపులో కుడివైపు కింద నొప్పి. రూమ్మేట్లు గ్యాస్ అనుకుని ఈనో తాగించారు. నాలుగింటికి వాంతులు మొదలయ్యాక ఎమర్జెన్సీకి తెచ్చారు. అపెండిక్స్, ఉదయమే ఆపరేషన్. రెండో రోజు సాయంత్రానికి నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. నెల తర్వాత కవర్లు రావడం మొదలైంది. ఎమర్జెన్సీ గదికి ఒకటి, అక్కడ చూసిన డాక్టరుకి ఇంకొకటి, స్కాన్ చదివిన రేడియాలజిస్టుకి, మత్తు ఇచ్చిన డాక్టరుకి, సర్జనుకి వేర్వేరుగా. మొత్తం 41,000 డాలర్లు.

వాళ్ల కాలేజీలో ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. నెలకి 40 డాలర్ల ప్లాన్ కొనుక్కున్నాడు. కార్డు మీద పెద్దక్షరాలతో లక్ష డాలర్లు అని ఉంది. లోపల చూస్తే అది ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్. అంటే బిల్లు ఎంతైనా ఒక్కో పనికి ముందే రాసిపెట్టిన మొత్తమే ఇస్తారు. ఎమర్జెన్సీకి ఇంత, స్కాన్‌కి ఇంత, ఆపరేషన్‌కి ఇంత. అన్నీ కలిపితే 7,000 దాటలేదు. మిగతా 34,000 అతని పేరు మీదే. ఆ అబ్బాయి మా కౌంటర్ దగ్గర నిలబడి, "మేడమ్, లక్ష అని ఉంది కదా" అని కార్డు చూపించిన తీరు నాకింకా కళ్ల ముందే ఉంది.

హన్మకొండ తమ్ముడూ, 600 డాలర్లని చూడకు. ఆ 600కి వాళ్లిచ్చే ప్లాన్ కాగితం మొత్తం తెచ్చి ఇక్కడ పెట్టు.

గుంటూరు నుంచి ఒక తండ్రి:
అమ్మా, ఆ అబ్బాయి చివరికి ఏం చేశాడు? మా వాడూ అక్కడే ఉన్నాడు, చదువుతుంటే గుండె ఆగినంత పనైంది.

బిల్లింగ్ డెస్క్ అక్క:
బాబాయ్‌గారూ, మాది లాభాపేక్ష లేని ఆస్పత్రి. అలాంటి ఆస్పత్రులకి ఆర్థిక సాయం పాలసీ రాతపూర్వకంగా ఉండి తీరాలని ఇక్కడి పన్ను చట్టం చెప్తుంది. మొదటి బిల్లు వచ్చిన రోజు నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆదాయం లేని విద్యార్థి అని కాగితాలు పెట్టించాను, చాలా వరకు తగ్గింది. కానీ నాలుగు నెలలు ఆ పిల్లాడు నిద్రపోలేదు. పైగా విడిగా బిల్లు పంపే డాక్టర్లందరికీ ఆ సాయం వర్తించదు. ఈ సంగతి మన పిల్లల్లో నూటికి ఒక్కరికైనా తెలియదు, అందుకే రాస్తున్నాను.

ఫ్రిస్కో అన్న:
అక్కా, మీరు చెప్పింది అన్నిటికన్నా నాసిరకం ప్లాన్. బయటివన్నీ అలా ఉండవు. నేను తీసుకున్నదాంట్లో డిడక్టిబుల్, అంటే ముందుగా మనం కట్టుకోవాల్సింది, 500 డాలర్లు, ఆ తర్వాత 80 శాతం వాళ్లే. ఇంకో మాట. యూనివర్సిటీ ప్లాన్ ఉన్నా బిల్లులు వస్తాయి. నా ఫ్రెండు రక్త పరీక్ష నెట్‌వర్క్‌లో లేని, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం లేని ల్యాబ్‌కి వెళ్లిందని 380 డాలర్లు కట్టాడు. 2,900 కట్టినవాడు కూడా జేబులోంచి తీయాల్సిందే అయితే, ఆ తేడా డబ్బు బ్యాంకులో పక్కన పెట్టుకోవడం మేలు కాదా?

బిల్లింగ్ డెస్క్ అక్క:
పక్కన పెట్టుకున్న 2,300 డాలర్లు ఎమర్జెన్సీలో తీసే స్కాన్‌కి కూడా చాలకపోవచ్చు తమ్ముడూ. నీ ఫ్రెండు విషయం నిజమే, నెట్‌వర్క్ చూసుకోకపోతే ఎవరికైనా తగులుతుంది. కానీ అక్కడ పోయింది 380. ఏ ప్లాన్‌లోనైనా నేను ముందు చూసేది ఒక్కటే: ఏడాది మొత్తంలో నా జేబులోంచి గరిష్ఠంగా ఎంత పోతుంది? చాలా యూనివర్సిటీ ప్లాన్లు ఒబామా కాలంలో వచ్చిన ఆరోగ్య చట్టం కిందికి వస్తాయి. వాటిలో ఆ గరిష్ఠానికి చట్టమే హద్దు పెట్టింది, 2025లో ఒక మనిషికి 9,200 డాలర్లు. నెట్‌వర్క్‌లో చూపించుకుంటే అది దాటాక మొత్తం కంపెనీదే. బయటి చౌక ప్లాన్లలో లెక్క తిరగబడి ఉంటుంది. కంపెనీ ఇచ్చేదానికి హద్దు, మనం కట్టేదానికి హద్దుండదు. నీది 80 శాతం అన్నావు, ఏ మొత్తం దాకా 80 శాతం? ఆ గీత దాటాక ఎవరిది?

2022 నుంచి ఇంకో చట్టం ఉంది. ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి డాక్టరు చూసినా అదనపు బిల్లు మన నెత్తిన వేయకూడదు. స్వల్పకాలిక ప్లాన్లకి, ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్లకి ఆ రక్షణ లేదు. అంబులెన్స్ మాత్రం ఏ ప్లాన్ ఉన్నా బయటే, రోడ్డు మీద నడిచే అంబులెన్స్‌ని ఆ చట్టంలో చేర్చలేదు.

ఒక పాఠకుడు:
అంతగా ఏదైనా వస్తే టికెట్ కొనుక్కుని హైదరాబాద్ వచ్చేసి చూపించుకుంటే పోదా? అంత ఖర్చు అవదు కదా.

ఓపీటీలో ఉన్నా:
పంటికైతే రావచ్చు. నేనైతే వచ్చే ముందే పళ్ల పనంతా ఇంటి దగ్గర చేయించుకున్నాను, మామూలు ప్లాన్లలో పెద్దవాళ్ల పళ్లు ఉండవు. కానీ అపెండిక్స్ విమానం కోసం ఆగదు. సెమిస్టర్ మధ్యలో చెప్పకుండా వెళ్తే వీసా స్టేటస్‌కే ముప్పు. డాక్టరు లెటరుతో ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగాలి.

నా సంగతి కూడా రాస్తాను. రెండో సెమిస్టర్‌లో నాకు నిద్ర పట్టేది కాదు, క్లాసులో కూర్చుంటే చేతులు వణికేవి. టెన్షన్ అనుకున్నాను. క్యాంపస్ కౌన్సెలర్ కొన్ని వారాలు చూసి బయటి సైకియాట్రిస్టు దగ్గరికి పంపింది. నాది బయటి ప్లాన్. మానసిక సమస్యలు కవర్ కావని చిన్న అక్షరాల్లో ఉంది. విజిట్‌కి 300 కట్టలేక రెండుసార్లతో ఆపేశాను. అదే గదిలో ఉన్న అమ్మాయికి యూనివర్సిటీ ప్లాన్ ఉంది, విజిట్‌కి 25 డాలర్ల కోపే, అంటే తన వాటా మాత్రం కట్టి ఏడాదంతా వెళ్లింది. నేను ఒళ్లు గట్టిగా ఉందనే వేవర్ పెట్టాను. తేలికపాటి ప్లాన్‌తో నెట్టుకొచ్చేయొచ్చనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ వసంతం గుర్తొస్తుంది.

గుంటూరు నుంచి ఒక తండ్రి:
అమ్మాయీ, ఇప్పుడు బాగున్నావా?

ఓపీటీలో ఉన్నా:
బాగున్నానండి. థాంక్స్.

హన్మకొండ కుర్రాడు:
అన్నీ చదివాను. ఒక విషయం మొదట్లో రాయలేదు. నాకు చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది. చలికాలంలో ఇన్హేలర్ వాడతాను, అంతే. ఆస్పత్రిలో చేరేదాకా ఎప్పుడూ రాలేదు కాబట్టి జబ్బు అనుకోలేదు. దీని వల్ల ఏమైనా తేడా ఉంటుందా?

బిల్లింగ్ డెస్క్ అక్క:
మొత్తం తేడా అక్కడే ఉంది నాన్నా. బయటి చౌక ప్లాన్లలో చాలావాటికి ముందే ఉన్న జబ్బు అంటే పూర్తిగా మినహాయింపు, లేదంటే ఆరు నెలలో ఏడాదో ఆగాలి. రాత్రి ఊపిరాడక ఎమర్జెన్సీకి వెళ్తే వాళ్లు చూస్తారు. డబ్బుందా లేదా అని చూడకుండా పరిస్థితి నిలకడ చేయాలని 1986 నుంచీ చట్టం ఉంది. కానీ చూడటం వేరు, బిల్లు వేరు. క్లెయిమ్ పెట్టగానే పాత మెడికల్ రికార్డులు అడుగుతారు, ఆస్తమా కనిపించగానే తిరస్కరిస్తారు. ఆరోగ్య చట్టం కిందికి వచ్చే ప్లాన్‌లో ఆ వంక పెట్టడానికి లేదు.

ఫ్రిస్కో అన్న:
ఆస్తమా ఉందని మొదట్లోనే రాసి ఉంటే నేను ఆ సలహా ఇచ్చేవాణ్ని కాదు తమ్ముడూ. యూనివర్సిటీ ప్లానే తీసుకో. ఏ జబ్బూ లేనివాళ్లకి మంచి బయటి ప్లాన్ తప్పు కాదనే నేను ఇప్పటికీ అంటాను. కానీ అక్క అడిగిన ఆ గీత ఎక్కడుందో చూద్దామని నిన్న రాత్రి నా పాత పాలసీ తీశాను. ఒక్కో జబ్బుకి 50,000 డాలర్లు, అంతే. రెండేళ్లు అది తెలియకుండానే తిరిగాను.

హన్మకొండ కుర్రాడు:
నాన్నతో మాట్లాడాను. వేవర్ పెట్టట్లేదు. ప్రీమియం సెమిస్టర్‌కి ఇంత అని వాయిదాల్లో కట్టొచ్చని ఫీజులు చూసే బర్సార్ ఆఫీసు మెయిల్ ఇచ్చింది. ఇన్హేలర్లు ఇక్కడి నుంచి తెచ్చుకోవచ్చా?

బిల్లింగ్ డెస్క్ అక్క:
మూడు నెలలకి సరిపడా తెచ్చుకో, హ్యాండ్ బ్యాగులోనే పెట్టుకో. డాక్టరు దగ్గర ప్రిస్క్రిప్షన్ రాయించుకునేటప్పుడు అస్థాలిన్ అని బ్రాండు పేరు కాకుండా మందు పేరు రాయమను. మన సాల్బుటమాల్‌ని ఇక్కడ అల్బుటెరాల్ అంటారు. రెండు పేర్లూ పక్కపక్కన రాయిస్తే ఇక్కడి ఫార్మసీలో చూపించినప్పుడు ఇబ్బంది ఉండదు.