పిల్లల చేత బ్లాగు రాయించడం బడి పనేనా?

పటమట నాన్న:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఈ ఏడాది నుంచి ప్రతి ఒక్కరూ వారానికో పోస్టు బ్లాగులో రాయాలట, టీచర్ అది చదివి ఎవరు ఎక్కడ తడబడుతున్నారో చూసి వాళ్లకు తగ్గట్టు పాఠం చెబుతారట. దీని పేరు పర్సనలైజ్డ్ లెర్నింగ్. డిజిటల్ ఫీజు వేరే. నోటుబుక్కు చూస్తే తెలియదా ఎవరు తడబడుతున్నారో? బడి పంపిన సర్క్యులర్ మీద శనివారం లోపు సంతకం పెట్టి పంపాలి.

కృష్ణలంక కుర్రోడు:
ఫీజెంతో చెప్పలేదేంటన్నా, అసలు సంగతి అదేగా.

గుంటూరు మాస్టారు:
నేను జడ్పీ హైస్కూల్లో సోషల్ చెబుతాను. నోటుబుక్కు చూస్తే తెలియదండీ. సెక్షన్లో అందరి నోటుబుక్కుల్లోనూ నేను బోర్డు మీద రాసిందే ఉంటుంది, నేను చేసిన అక్షరదోషంతో సహా. ప్రాజెక్టు వర్కు జిరాక్సు షాపులో కొనుక్కొచ్చి అతికిస్తారు. మా క్లాసుకు బ్లాగు పెట్టి మీకు తెలిసిన ఊరి గురించి ఏదైనా రాయండి అన్నాను. పరీక్షలో నాలుగు నదుల పేర్లు రాయలేని కుర్రాడు ఒకడు, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో అమ్మమ్మ ఇంట్లో చిక్కుకుపోయాడు, ఆ సంగతంతా రాశాడు. నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చి ఎంతసేపు ఆగాయో, వాగు నీళ్లను మళ్లించే డైవర్షన్ కాలువకు గండి పడితే ఇక్కడికి ఎటునుంచి వచ్చాయో వాళ్ల మామయ్యనడిగి పెన్నుతో బొమ్మ గీసి ఫోటో పెట్టాడు. వాడికి మ్యాప్ పాయింటింగ్ ఆ బొమ్మ దగ్గర్నుంచే మొదలుపెట్టాను. మార్కుల లిస్టులో వాడు సి గ్రేడు, అంతే.

లబ్బీపేట లక్ష్మి:
తెలుగు టైపింగ్ ఎవరు నేర్పుతారండీ? మావాడు మైకు నొక్కి వాగుతాడు, ఫోనే రాసి పెడుతుంది.

పటమట నాన్న:
అదీ నేనంటున్నది. మైకులో చెబితే రాత ఎలా వస్తుంది? ఒత్తులు, దీర్ఘాలు?

గుంటూరు మాస్టారు:
మేమంతా కూడలిలో తెలుగు బ్లాగులు చదివి, లేఖిని సైటులో టైపు చేసిన రోజుల్లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాసినవాళ్లమే. ఒత్తులేం మర్చిపోలేదు.

సత్యనారాయణపురం:
ఇప్పుడు చాట్‌జీపీటీ రాసి పెడుతుంది, మాస్టారూ. వరద గురించి కూడా.

గుంటూరు మాస్టారు:
ఏ మెట్టు దగ్గర నీళ్లు ఆగాయో దానికెలా తెలుస్తుంది?

కృష్ణలంక కుర్రోడు:
స్కాట్లండ్‌లో 2012లో తొమ్మిదేళ్ల పిల్ల బడి భోజనం ఫోటోలు రోజూ బ్లాగులో పెట్టేది. ఫోటోలు తీయొద్దని అక్కడి కౌన్సిల్ ఆపేసింది, లోకమంతా తిట్టేసరికి వెంటనే వెనక్కి తగ్గింది. మీ బడిలో ఎవరైనా మధ్యాహ్న భోజనం చారు గురించి రాస్తే ఉంచుతారా, మాస్టారూ?

పటమట నాన్న:
చారు సంగతి తర్వాత. టైపింగ్‌కి ఎవరూ జవాబు చెప్పలేదు.

గుంటూరు మాస్టారు:
ఇందాకట్నుంచి చూస్తున్నా. ఫీజన్నారు, టైపింగన్నారు, ఒత్తులన్నారు. మీ పిల్ల సొంతంగా ఒక మాట రాయడం మీకిష్టం లేదు, ఆ ముక్కేదో సూటిగా చెప్పండి సార్.

పటమట నాన్న:
మీకేం తెలుసని అంటున్నారు? నిరుడు వేరే స్కూల్లో ఇదే పని చేయించారు. మా పిల్ల ఏం రాసిందో తెలుసా? "రాత్రిపూట మా ఇంట్లో టీవీ సౌండ్ ఎందుకు పెంచుతారో నాకు తెలుసు" అని. దాని కింద టీచరమ్మ కామెంటు: గుడ్ ఎక్స్‌ప్రెషన్, కీప్ ఇట్ అప్. పక్కన ఒక స్టారు. సాయంత్రానికి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్. రెండోరోజు మంగళగిరి నుంచి మా అత్తగారు ఫోన్. ఇందులో నేర్చుకున్నదేమిటి, ఎవరికి తగ్గట్టు ఏ పాఠం చెప్పారు?

లబ్బీపేట లక్ష్మి:
అయ్యో. ఆ స్క్రీన్‌షాట్ పెట్టినవాళ్లను అనాలి ముందు.

సత్యనారాయణపురం:
2023 డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. బడులకు చదువు, భద్రత వరకు కొంత మినహాయింపు ఉంది కానీ, ఊరందరికీ కనబడేలా పెట్టుకోమని కాదు. ఆ సర్క్యులర్లో ఎవరెవరు చూస్తారని ఉందో చదవండి.

గుంటూరు మాస్టారు:
మా బ్లాగు పాస్‌వర్డు లేకుండా తెరుచుకోదు. సొంత సంగతి ఏదైనా రాస్తే అది నాకొక్కడికే కనబడుతుంది. అలాంటి మాట కింద స్టారు పెట్టడం బుద్ధి తక్కువ పని, కాదనను. ఆ టీచర్ పిల్లను పక్కకు పిలిచి మాట్లాడాల్సింది. కానీ ఆ ముక్క రాయకపోతే ఆ పిల్ల లెక్కల్లో ఎందుకు వెనకబడిందో ఏ పరీక్షా చెప్పదు.

పటమట నాన్న:
లెక్కల్లో వెనకబడిందని నేను చెప్పానా? నాకు కనబడకుండా నా కూతురు రాసింది మీరొక్కరే చదవడానికి మీరెవరు?

గుంటూరు మాస్టారు:
మీరు చదువుతారని తెలిస్తే రాయదు కాబట్టి.

పటమట నాన్న:
రాయకపోతే పోనివ్వండి. ఇంట్లో సంగతి టీచరుకు తెలియాలంటే నన్ను పిలిచి అడగాలి. పేరెంట్స్ మీటింగు దేనికి పెట్టారు మరి?

గుంటూరు మాస్టారు:
మీటింగులో మీరు టీవీ సౌండు గురించి చెబుతారా?

లబ్బీపేట లక్ష్మి:
మాస్టారూ, అది మరీ ఎక్కువైంది.

పటమట నాన్న:
సంతకం పెట్టను. మిగతా పిల్లలతో మీ ఇష్టం.

గుంటూరు మాస్టారు:
పెట్టకండి. వారం వారం మిగతావాళ్లు రాసుకుంటుంటే మీ అమ్మాయిని ఏం చేయమంటారో అది కూడా సర్క్యులర్ కింద రాసి పంపండి, వాళ్ల టీచరుకు పనికొస్తుంది.

కృష్ణలంక కుర్రోడు:
చారు గురించి మాత్రం మాస్టారు ఇప్పటిదాకా నోరు విప్పలేదు, గమనించారా.