ఫెర్న్ పాత మట్టలు ఎప్పుడు, ఎంతవరకు కోయాలి?

నీడతోట:
హోలీ ఫెర్న్, స్వోర్డ్ ఫెర్న్ లాంటి ఏడాదంతా పచ్చగా ఉండే రకాలకి కత్తిరింపు ఎలా చేయాలండీ? చలికాలం అయిపోవస్తోంది. పాత మట్టలు వాలిపోయి అంచులు మాడాయి. మొత్తం కోసేయొచ్చా, ఎండినవే తీయాలా? హోలీ ఫెర్న్ ఆకుల వెనక గోధుమ చుక్కలున్నాయి, మందు కొట్టాలా?

మట్టివాసన:
మొక్క బలంగా ఉంటే మొత్తం కోసేయొచ్చు, కాకపోతే అదను చూసుకోవాలి. మట్టలు పక్కకి తప్పించి మొవ్వులోకి, అంటే మట్టలన్నీ పుట్టే నడిమి భాగంలోకి, చూడండి. గోధుమరంగు పొలుసులు కప్పుకుని, బిగించిన పిడికిళ్ళలా, ఇంకా విచ్చుకోని కొత్త మట్టల చుట్టలు కనిపిస్తాయి. అవి ఇంకా లేవకపోతే పాత మట్టలన్నీ మొవ్వుకి 3-4 సెంటీమీటర్ల పైన కోసేయండి. లేచి ఉంటే గుప్పిట పట్టి కోయొద్దు. ఒక్కో పాత కాడనీ విడిగా పట్టుకుని మొదలు దగ్గర కత్తిరించాలి. చుట్ట కొస తెగితే ఆ మట్ట మొండిగా మిగిలిపోతుంది, మళ్ళీ పెరగదు. చేత్తో అసలు లాగొద్దు, దాంతోపాటు చుట్టలూ ఊడొస్తాయి.

చలికాలం మొదట్లో మాత్రం కోయకండి. పచ్చగా ఉన్న మట్ట ఎంత వాలినా మొక్కకి తిండి చేస్తూనే ఉంటుంది, మొవ్వుని చలినుంచి కాస్తుంది. ఈమధ్యే నాటినవైతే ఎండినవి తీస్తే చాలు.

ఆకుపచ్చ:
చుక్కలకి మందు కొట్టే తొందర వద్దండీ. అవి చాలావరకు సిద్ధబీజాల (ఫెర్న్ విత్తనాల బదులు వీటితోనే పెరుగుతుంది) గుంపులే. స్వోర్డ్ ఫెర్న్‌లో వరసగా ఉంటాయి, హోలీ ఫెర్న్‌లో ఆకు వెనకంతా చల్లినట్టుంటాయి, అందుకే చూడగానే పురుగనిపిస్తుంది. పొలుసు పురుగైతే కాడల మీద కూడా ఉంటుంది, గోటితో గీకితే పెచ్చులా లేస్తుంది, కింది ఆకులు జిగురుగా అవుతాయి. అప్పుడైనా బాగా పట్టిన మట్టని కోసి పారేయండి, మిగతావి తడిగుడ్డతో తుడవండి. నూనె మందులకి ఫెర్న్ ఆకులు తేలిగ్గా మాడతాయి.

నీడతోట:
కాడల మీద ఏమీ లేవు, జిగురూ లేదు. చుట్టలు అప్పుడే వేలెడు లేచాయి, ఒక్కోటే కోస్తాను. కోయగానే ఎరువు వేయాలా?

మట్టివాసన:
ఇప్పుడే వద్దు. కొత్త మట్టలు విచ్చుకున్నాక, తడి నేల మీద, ద్రవ ఎరువుని డబ్బా మీద రాసినదాంట్లో సగం మోతాదుకి కలిపి పోయండి. ఎక్కువైతే లవణాలకి ఆకు కొసలు మాడతాయి. ఇప్పుడు కావలసింది మాగిన ఆకుల ఎరువు: చుట్టూ 5 సెంటీమీటర్ల మందాన పరవండి, మొవ్వు మీద మాత్రం పడనీయకండి, కుళ్ళుతుంది. పైమట్టి ఆరుతుంటే మొక్క మొదలు దగ్గర నీళ్ళు పోయండి. చుట్టలు విప్పుకునే వారాల్లో నేల ఎండితే కొత్త మట్టలు కొసల దగ్గర ముడుచుకుపోతాయి, తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా సాగవు.