ఐసీయూలో నాన్నకి ముక్కు గొట్టం ఫీడ్: ఇంటి రాగి జావ ఇవ్వచ్చా?

కాకినాడ_రవి:
నాన్నగారికి బ్రెయిన్ స్ట్రోక్, వెంటిలేటర్ మీద ఉన్నారు. బరువు 60 కేజీల దాకా ఉంటారు. రైల్స్ ట్యూబ్ వేసి, మిషన్ మీద గంటకి 20 ఎంఎల్ చొప్పున డబ్బా పొడి ఫీడ్ వదులుతున్నారు. "ఆ నాలుగు చుక్కలతో మనిషి ఎలా నిలబడతాడ్రా" అని అమ్మ ఒకటే ఏడుపు. జావ, కొబ్బరినీళ్లు పట్టుకెళ్తే పోస్తారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

హన్మకొండ_సుజాత:
అన్నా, మా బాపుకు నిమోనియా అయినప్పుడు మేం గూడ గిట్లనే పరేషానైనం. ఐసీయూల ఇంటి తిండి రానియ్యలే. వార్డుకు వచ్చినంక జావ పోసినం గని, ఉండలు కట్టి ట్యూబ్ జామైంది. తీసి కొత్తది ఏసిన్రు, ఆయన మస్తు తిప్పలవడ్డడు. పోసుడైతే పల్చటి గుడ్డల వడగట్టి పోయుండ్రి.

డైట్_మాధవి:
రవి గారూ, లెక్క చూద్దాం. 200 ఎంఎల్ పల్చటి జావలో పట్టే పిండి 20 గ్రాములు. దాంతో వచ్చేది 65 క్యాలరీలు, ప్రోటీన్ గ్రామున్నరకి మించదు. రోజుకి ఎనిమిదిసార్లు పోసినా 520 క్యాలరీలే. మామూలు డబ్బా ఫీడ్ ఎంఎల్‌కి ఒక క్యాలరీ. గంటకి 20 చొప్పున 24 గంటలు నడిస్తే 480. అమ్మగారికి చుక్కల్లా కనిపిస్తున్నది ఎనిమిది గ్లాసుల జావకి దాదాపు సమానం!

నాన్నగారి బరువుకి క్రమంగా 1,500 క్యాలరీల దాకా, ప్రోటీన్ 70 గ్రాముల పైకి తీసుకెళ్తారు. మొదటి రోజే అంతా ఎక్కించరు. జబ్బు చేసిన ఒళ్లు తన నిల్వలు కరిగించి చక్కెర తయారు చేస్తూనే ఉంటుంది, దాని మీద మొదట్లోనే నిండుగా ఫీడ్ ఇస్తే మోతాదు మించుతుంది. పైగా ముందు నుంచీ సరిగా తినని మనిషికి ఒక్కసారిగా తిండి పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు. అలాంటివాళ్లకి విటమిన్ బీ1 ఇంజెక్షన్ ముందు ఇచ్చి మెల్లగా పెంచుతారు. మత్తు కోసం తెల్లటి ప్రొపోఫాల్ నడుస్తుంటే అందులోని కొవ్వునీ లెక్క కట్టాలి, ఎంఎల్‌కి 1.1 క్యాలరీ. కొబ్బరినీళ్లు మాత్రం కిడ్నీ రిపోర్టు చూడకుండా వద్దు, పొటాషియం ఎక్కువ.

దుబాయ్_శ్రీను:
ఈ డబ్బాలన్నీ వ్యాపారం అండీ. మా మేనమామకి ఇంట్లో నెలల తరబడి పప్పుకట్టు, మజ్జిగ, గుడ్డు తెల్లసొనే పోశాం. బ్రహ్మాండంగా ఉన్నారు.

డైట్_మాధవి:
ఇంటికొచ్చాక అది మంచిదే శ్రీను గారూ, నేనూ రాసిస్తాను. ఐసీయూ సంగతి వేరు. మిక్సీ పట్టిన తిండిలో క్రిములు త్వరగా పెరుగుతాయి, ఆ రోగి తట్టుకోలేడు. కలిపిన పొడి ఫీడ్‌నే నాలుగు గంటలు దాటితే పారబోయిస్తాం.

ఐసీయూ_సిస్టర్:
తిండి ఏదైనా, తల వైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలి. పక్క మార్చేటప్పుడు చదును చేసి మళ్లీ ఎత్తడం మర్చిపోతుంటారు, కంటపడితే మొహమాటపడకుండా చెప్పండి. ట్యూబ్ కొత్తగా వేసినప్పుడు ఎక్స్‌రే తీశారా అని అడగొచ్చు. సిరంజితో గాలి కొట్టి పొట్ట మీద స్టెత్‌తో వినే పద్ధతిని నమ్మలేం, ట్యూబ్ ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ బుస్ వినిపించొచ్చు. ముక్కు దగ్గర ఎన్ని సెంటీమీటర్లుందో రాసి ఉంటుంది, ఆ అంకె మారితే వెంటనే చెప్పండి.

పొట్టలో ఎంత మిగిలిందో చూడటానికి సిరంజితో ట్యూబ్‌లోంచి వెనక్కి లాగితే 200 ఎంఎల్ వచ్చిందని ఫీడ్ ఆపేసే రోజులు పోయాయి. వాంతి, ఉబ్బరం లేకపోతే 500 లోపు సాధారణంగా నడిపిస్తారు. బీపీ నిలబెట్టే మందులు పెద్ద డోసులో ఉంటే మాత్రం ఆపుతారు, పేగులకి రక్తం చాలదు కాబట్టి.

కాకినాడ_రవి:
ఇవాళ డైటీషియన్ గారిని కలిశానండీ. ఫాస్ఫరస్ తక్కువ వచ్చిందట, అందుకే నెమ్మదిగా వెళ్తున్నారట. సాయంత్రం 30కి పెంచారు. జావ లెక్క చెప్తే అమ్మ కాస్త కుదుటపడింది. కానీ ఫిట్స్ మందు వేసేటప్పుడు ఫీడ్ ఆపుతున్నారు, ఎందుకంటారు?

ఐసీయూ_సిస్టర్:
ఫెనిటాయిన్ అయ్యుంటుంది. ఫీడ్‌తో కలిస్తే ఒంటికి సరిగా పట్టదు, అందుకే ముందూ వెనకా గంటో రెండు గంటలో ఆపుతారు. మందు వేశాక 30 ఎంఎల్ నీళ్లతో ట్యూబ్ కడుగుతున్నారో లేదో చూడండి.

హన్మకొండ_సుజాత:
అక్కా, ముక్కుల ట్యూబ్ ఎన్ని దినాలు ఉంచొచ్చు?

ఐసీయూ_సిస్టర్:
మామూలు పీవీసీ ట్యూబ్ అయితే మధ్యలో మారుస్తుండాలి, సిలికాన్‌ది ఎక్కువ కాలం ఉంటుంది. నాలుగు నుంచి ఆరు వారాలు దాటేలా ఉంటే పొట్ట మీద నుంచి నేరుగా లోపలికి వేసే పెగ్ ట్యూబ్ గురించి మాట్లాడతారు. రవి గారూ, మింగడం ఎప్పుడు పరీక్షిస్తారో కూడా అడిగి పెట్టుకోండి. వెంటిలేటర్ తీశాక ఆ పరీక్ష అయ్యేదాకా అమ్మగారు చెంచాతో నీళ్లు కూడా పట్టొద్దు.