చర్చ: ఐదేళ్ళ పాపకి రైలు సెట్, మూడు నాలుగు వేలలో ఏది నయం?

సీతమ్మధార అమ్మ:
పాపకి వచ్చే నెల ఐదు నిండుతాయి. కైలాసగిరి మీద టాయ్ ట్రైన్ ఎక్కించిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకటే రైలు గోల. పుట్టినరోజుకి ఒక సెట్ కొందామనుకుంటున్నాం. మూడు నాలుగు వేలు పెట్టగలం. ఉండేది రెండు బెడ్‌రూముల ఫ్లాట్, ఆట అయిపోయాక ఎత్తి మంచం కిందకి తొయ్యాల్సిందే. బ్యాటరీదా, పట్టాల్లో కరెంటు పారేదా, చెక్కదా? పెద్దయ్యాక కూడా ముక్కలు కలుపుకుంటూ పోయేలా ఉంటే మంచిది. వైజాగ్‌లో ఏ షాపులో దొరుకుతుందో కూడా చెప్పండి.

గాజువాక గిరి:
బ్యాటరీ సెట్లు వద్దండి బాబూ. పోయిన దసరాకి మావాడికి ఒకటి కొన్నాం, కంపెనీ పేరు చెప్పను. డబ్బా మీద బొమ్మలో బ్రిడ్జి, సొరంగం, సిగ్నలు, స్టేషను, గడ్డి మేస్తున్న ఆవులు. లోపల చూస్తే గుండ్రంగా తిరిగే పట్టాలు, ఇంజను, రెండు పెట్టెలు. వారం తిరక్కుండా పట్టా ముక్కల కొక్కేలు విరిగాయి, రైలు సరిగ్గా అక్కడికి రాగానే కింద పడుద్ది. అదైనా భరించొచ్చు. ఆ మ్యూజిక్కు! ఒకటే ట్యూను, ఆపడానికి స్విచ్చే లేదు. స్క్రూలు విప్పి స్పీకర్ వైరు కత్తిరించేశాను. ఆ పూట మా ఆవిడ పాయసం చేసింది.

కొమ్మాది అక్క:
అన్ని బ్యాటరీ రైళ్ళూ ఒక గాటన కట్టెయ్యకండి. మా అక్క కొడుక్కి లెగో డూప్లో రైలు ఉంది. కొంచెం ముందుకి తోస్తే బయల్దేరుతుంది, చేత్తో పట్టుకుంటే ఆగిపోతుంది. రిమోట్ గొడవ లేదు, పాటలు పాడదు. మీ బడ్జెట్ దాటుతుందిలెండి. కానీ పిల్లాడు దాన్ని మెట్ల మీంచి దొర్లించినా ఇంకా నడుస్తోంది.

ఎంవీపీ డాక్టరమ్మ:
ఏది కొన్నా రెండు చూసుకోండి. బ్యాటరీ అరకి స్క్రూ మూత ఉండాలి. గుండీ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలడం మొదలవుతుంది. చెక్క రైళ్ళ పెట్టెలు అయస్కాంతాలతో అతుక్కుంటాయి, అవి ఊడి వస్తున్నాయేమో లాగి చూడండి. రెండు మింగితే పేగు మడతల మధ్య ఒకదాన్నొకటి లాక్కుని చిల్లు పెడతాయి. ఇంట్లో ఇంకో చిన్నపిల్ల ఉంటే మరీ జాగ్రత్త.

లక్కపిడతల లావణ్య:
పక్కనే ఏటికొప్పాక పెట్టుకుని ప్లాస్టిక్ కోసం ఈ వెతుకులాటేంటి? అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులు. 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మేం వెళ్ళి ఇంజనూ నాలుగు పెట్టెలూ కావాలని అడిగితే మా కళ్ళ ముందే చిత్తిక పట్టి చేసిచ్చారు. నోట్లో పెట్టుకున్నా భయం లేదు.

గాజువాక గిరి:
బానే ఉంది గానీ లావణ్య గారూ, పట్టాలేవి?

లక్కపిడతల లావణ్య:
తాడు కట్టి లాగుతారు. మనం చిన్నప్పుడు అగ్గిపెట్టెలు దారానికి గుచ్చి ఏ పట్టాల మీద నడిపాం?

హెచ్‌ఓ వాల్తేరు:
అమ్మగారు అడిగింది పెద్దయ్యాక కూడా పెంచుకునేది. అంటే బొమ్మ కాదు, మోడల్. దానికి ఒకటే దారి, హెచ్‌ఓ స్కేల్. అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ప్రపంచంలో ఎక్కువమంది నడిపేది ఇదే, జర్మనీలోని హాంబర్గ్‌లో 2001లో తెరిచిన పెద్ద రైలు మోడళ్ళ ప్రదర్శన, మినియేచర్ వండర్‌ల్యాండ్, దాదాపు అంతా హెచ్‌ఓనే. ఒక కంపెనీ పట్టా మీద ఇంకో కంపెనీ ఇంజను నడుస్తుంది. మా ఇంట్లో నాలుగు బై ఎనిమిది అడుగుల ప్లైవుడ్ మీద డబుల్ లైన్ వేశాను. డబ్ల్యూఏపీ7 కరెంటు ఇంజను, ఆల్కో డీజిల్ ఇంజను ఉన్నాయి, కొత్తరకం ప్రయాణికుల పెట్టెలు, అదే ఎల్‌హెచ్‌బీ పెట్టెలు, కొన్ని తెప్పించాను. ఫొటోలు కావాలంటే పెడతాను.

సీతమ్మధార అమ్మ:
పట్టాల్లో కరెంటంటే పిల్లకి షాక్ కొట్టదా?

హెచ్‌ఓ వాల్తేరు:
కొట్టదు. పట్టాల్లో ఉండేది 12 వోల్టుల డీసీ. వోల్టేజి పెంచితే వేగం పెరుగుతుంది, ప్లస్సూ మైనస్సూ మారిస్తే వెనక్కి పోతుంది. గోడ సాకెట్‌కి తగిలించే అడాప్టర్ మాత్రం మంచిది కొనండి, పిల్ల చేతికి అందనివ్వకండి.

మర్రిపాలెం మామ:
హెచ్‌ఓ వాల్తేరు బాబూ, నీ ఫొటోలు వేరే చర్చలో చూశాను. పైన డబ్ల్యూఏపీ7, కింద విదేశీ పట్టాలు. మనది బ్రాడ్ గేజ్, రెండు పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు. 87తో భాగించు, 19.26 వస్తుంది. నువ్వు నడిపేది 16.5 మీద. అది 1435కి లెక్క, అంటే యూరప్ గేజ్. సర్వీసంతా డీజిల్ షెడ్‌లో చేసినవాణ్ణి, ఎదర నుంచి చూస్తే ఇంజను కాళ్ళు దగ్గర పెట్టుకుని నిలబడ్డట్టుంటాది. మోడల్ అనకు, బొమ్మ అను.

హెచ్‌ఓ వాల్తేరు:
మామగారూ, 19.26 పట్టాలు ఏ షాపులో అమ్ముతున్నారో చెప్పండి, వెంటనే కొంటా. మూడు మిల్లీమీటర్ల తేడా మీకు తప్ప ఎవరికీ కనపడదు.

మర్రిపాలెం మామ:
షాపులో దొరకదు. చేసుకోవాలి. స్లీపర్లు, అదే పట్టాల కింద అడ్డదుంగలు, నేనే కోశాను, వాటి మీద పట్టా అతికించాను, ఇరుసులు సాగదీశాను. పట్టాల మధ్య దూరం కొలిచే పనిముట్టు కూడా ఇత్తడి ముక్కతో నేనే తయారుచేశాను. పని రానోళ్ళే దొరకదంటారు.

ఎన్ స్కేల్ నాని:
వచ్చిందండీ గేజ్ పంచాయితీ! బ్రిటిష్ వాళ్ళు ఓఓ స్కేల్ అని 76వ వంతు బాడీని అదే 16.5 పట్టాల మీద పెట్టుకుని దశాబ్దాలుగా హాయిగా నడుపుతున్నారు. వాళ్ళ ఇంజన్లు చిన్నవి, 87వ వంతు చేస్తే లోపల మోటారు పట్టేది కాదు, అందుకే బాడీని పెంచి పట్టాల్ని అలాగే వదిలేశారు. వాళ్ళ హార్న్‌బీ కంపెనీ రైలు కొన్నవాడెవడూ గేజ్ తప్పని ఏడవట్లేదు.

మర్రిపాలెం మామ:
ఏడ్చేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఒక వర్గం 18.83 మిల్లీమీటర్ల పట్టాలు చేత్తో వేసుకుంటారు. తెలీకపోతే అడుగు.

ఎన్ స్కేల్ నాని:
అడగను. నాకు ఉద్యోగం ఉంది.

కొమ్మాది అక్క:
ఐదేళ్ళ పిల్లకండీ!! ఐదేళ్ళ పిల్లకి!

ఎన్ స్కేల్ నాని:
అక్కా, ఆ మాటకే వస్తున్నా. ఫ్లాట్‌లో హెచ్‌ఓ అంటే ముందు సోఫా అమ్మాలి. ఎల్‌హెచ్‌బీ పెట్టె 23.54 మీటర్లు, హెచ్‌ఓలో 27 సెంటీమీటర్లు. 24 పెట్టెల బండి పెడితే ఆరున్నర మీటర్లు, హాల్లో బయల్దేరి వంటింట్లో తేలుతుంది. పైగా సెట్లో వచ్చే 18 అంగుళాల వ్యాసార్థం వంపు మీద అంత పొడుగు పెట్టెలు బయటికి వేలాడతాయి, వాటిని కలిపే కప్లింగులు పట్టేస్తాయి. ఎన్ స్కేల్ 160వ వంతు, తొమ్మిది మిల్లీమీటర్ల పట్టా. అదే పెట్టె 15 సెంటీమీటర్లు కూడా ఉండదు. రెండడుగుల చదరంలో గుండ్రంగా తిరిగి వస్తుంది. కాటో అనే జపాన్ కంపెనీ పట్టాలు కింద ప్లాస్టిక్ బెడ్‌తో కలిపే వస్తాయి, నేల మీద పరిచినా పర్వాలేదు.

హెచ్‌ఓ వాల్తేరు:
ఐదేళ్ళ పిల్ల ఎన్ స్కేల్ పెట్టెని పట్టాలెక్కిస్తుందా? చక్రం బియ్యపు గింజంత ఉంటుంది. మీకు ఎదురు వాదించాలనే తప్ప పిల్ల గురించి ఆలోచన లేదు.

ఎన్ స్కేల్ నాని:
మూడు నాలుగు వేలన్నావిడకి ప్లైవుడ్ కొనమన్నది ఎవరు? డబ్ల్యూఏపీ7 మోడల్ ధర ఇక్కడ చెప్పు, అందరూ వింటారు.

హెచ్‌ఓ వాల్తేరు:
ధర ఎక్కువే. నేనేమైనా దాచానా? 2020 ఫిబ్రవరిలో బొమ్మల మీద కస్టమ్స్ డ్యూటీ 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. ఎలక్ట్రిక్ రైళ్ళూ, స్కేల్ మోడళ్ళూ అన్నీ ఆ పద్దు కిందే. బయటినుంచి తెప్పించుకున్నవాడికే తెలుస్తుంది నొప్పి.

గాజువాక గిరి:
డెబ్భై శాతమా! మరి బజార్లో ఐదొందలకి దొరికేవి ఎక్కడ్నించి వస్తున్నాయంటారు?

అక్కయ్యపాలెం వకీలు:
2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. బ్యాటరీతోగానీ కరెంటుతోగానీ నడిస్తే ఐఎస్ 15644, లేకపోతే ఐఎస్ 9873. డబ్బా మీద ఆ నంబరు లేనిది కొనకండి. మోడల్ కంపెనీలు చాలావరకు డబ్బా మీద 14 ఏళ్ళు పైబడినవారికి అని వేస్తాయి. ఆ ముక్క చదవకుండా ఐదేళ్ళ పిల్లకి హెచ్‌ఓ సలహా ఇస్తున్నవారు గమనించగలరు.

హెచ్‌ఓ వాల్తేరు:
తండ్రి పక్కన కూర్చుని ఆడిస్తాడు వకీలుగారూ. అన్నీ సెక్షన్లతో తేలవు.

మర్రిపాలెం మామ:
నాకో కల ఉంది. కొత్తవలస-కిరండూల్ లైను, అదే కేకే లైను, అరకు దాకా మోడల్‌గా వెయ్యాలని. 1:60 వాలు, వరస సొరంగాలు, శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తు. బైలడిల్లా ఖనిజం బండి దిగుతూ ఉంటే ఎదర కిరండూల్ పాసింజరు పక్క లైనులో ఆగి ఉండాల.

ఎన్ స్కేల్ నాని:
మామగారూ, గొడవ పక్కన పెట్టి చెప్తున్నా, అది చేస్తే నేనొచ్చి చూస్తా. కానీ 1:60 అంటే ఒక లైను మీంచి ఇంకో లైను దాటడానికి ఏడున్నర సెంటీమీటర్లు ఎక్కాలన్నా నాలుగున్నర మీటర్ల పొడవు కావాలి. మీ 19.26లో అంత చేత్తో వేస్తారా?

మర్రిపాలెం మామ:
ఏస్తాను. రిటైరైపోయాక ఇంకేటి పని?

బీఆర్క్ బుజ్జి:
మధ్యలో దూరుతున్నా. ఆర్కిటెక్చర్ చదువుతున్నా, రైళ్ళ గురించి పెద్దగా తెలీదు. 1676ని 16.5తో భాగిస్తే దాదాపు 101.6. అంటే పట్టాలు కొన్నవే ఉంచి, బాడీని వందో వంతుకి చేసుకుంటే గేజ్ సరిపోయినట్టే కదా? మా బిల్డింగ్ మోడళ్ళన్నీ 1:100. మనుషులు, చెట్లు, కార్లు ఆ సైజులో రెడీగా అమ్ముతారు. బాడీ త్రీడీ ప్రింట్ చేసుకోవచ్చు. ఎల్‌హెచ్‌బీ 23 సెంటీమీటర్ల పైన వస్తుంది, వంపులో కూడా కొంచెం నయం.

హెచ్‌ఓ వాల్తేరు:
అప్పుడు నా పెట్టెలన్నీ ఏం చెయ్యమంటావు తమ్ముడూ?

మర్రిపాలెం మామ:
బుజ్జీ, నువ్వు ఎక్కడుంటావు? ప్రింటింగు మిషను ఉందా? కొలతలు నా దగ్గరున్నాయి, బోగీ, అంటే పెట్టె కింద చక్రాలుండే చట్రం, దాని డ్రాయింగులు నేనే గీశాను.

బీఆర్క్ బుజ్జి:
కాలేజీ ల్యాబ్‌లో ఉంది సార్. మెసేజ్ పెట్టండి.

లాసన్స్‌బే లోకేష్:
వందో వంతు, నూటొకటో వంతు సరే. ముందు ఉప్పుగాలి సంగతి చూడండి. సముద్రం పక్కన ఇనప పట్టాల సెట్ పెడితే ఒక్క వానాకాలంలో తుప్పు. ఇత్తడివి నల్లబడి కరెంటు అందదు, ఇంజను ఆగి ఆగి నడుస్తుంది. నికెల్ సిల్వర్ పట్టాలే తీసుకోండి, పేరుకే సిల్వర్, నిజానికి రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. ప్లైవుడ్‌కి రెండు వైపులా వార్నిష్ వెయ్యకపోతే ఒంగుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో మార్క్లిన్ కంపెనీ హెచ్‌ఓ సెట్ చవగ్గా దొరికినా తొందరపడకండి. అది మధ్యలో మూడో కాంటాక్టుతో ఏసీ మీద నడిచే పద్ధతి, మామూలు రెండు పట్టాల డీసీ ఇంజను దాని మీద నడవదు.

గాజువాక గిరి:
మరి తుడవడం ఎలగ? గరుకు కాయితం పెట్టి రుద్దొచ్చా?

లాసన్స్‌బే లోకేష్:
వద్దు. గీతలు పడితే మురికి అక్కడే కూర్చుంటుంది. మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగండి, మెత్తని బట్టతో తుడవండి. గేర్లకి కొబ్బరినూనె వెయ్యకండి, చలికాలంలో గడ్డకడుతుంది. ప్లాస్టిక్‌ని తినని పల్చటి నూనె ఒక్క చుక్క చాలు.

సీతమ్మధార అమ్మ:
అందరికీ థాంక్స్. చదివి మా ఆయన నాలుగు బై ఎనిమిది ప్లైవుడ్ ధర కనుక్కుంటున్నారు, పాపకి ఏం కొనాలో మాత్రం నాకింకా తేలలేదు.

కొమ్మాది అక్క:
మీ ఆయన సంగతి తర్వాత. పాపకి చెక్క పట్టాల సెట్ కొనండి, బ్రియో అనే కంపెనీ పద్ధతివి. ఐకియాది కూడా దాంతో కలుస్తుంది, హైదరాబాద్ వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే తెమ్మనండి. పట్టాలు తనే కలుపుకుంటుంది, తనే తోసుకుంటుంది. తర్వాత బ్యాటరీ ఇంజను ఒకటి కొంటే అవే పట్టాల మీద నడుస్తుంది. మంచం కింద అట్టపెట్టెలో పడేస్తే సరి.

ఎన్ స్కేల్ నాని:
దీనికి నేనూ ఒప్పుకుంటా. ఒక లాభం ఎవరూ చెప్పలేదు. పిల్లలు పట్టాని చుట్టూ తిప్పి తెచ్చి అదే లైనులో కలిపేస్తారు. రెండు పట్టాల డీసీలో అలా చేస్తే కుడి పట్టా వచ్చి ఎడమ పట్టాకి తగిలి షార్ట్ సర్క్యూట్. దానికి పట్టా కోసి స్విచ్ పెట్టాలి. చెక్క మీద ఎలా తిప్పినా ఏం కాదు.

హెచ్‌ఓ వాల్తేరు:
డీసీసీలో, అంటే డిజిటల్ కంట్రోల్ పద్ధతిలో, ప్లస్సూ మైనస్సూ దానంతటదే మార్చే ఆటో రివర్సర్ ఉంటుంది, నాని గారు చెప్పడం మరిచారు.

ఎన్ స్కేల్ నాని:
దాని ధర కూడా చెప్పు స్వామీ.

అక్కయ్యపాలెం వకీలు:
అరకు రైల్లో అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్‌కి ఆదివారం టికెట్లు ఎన్ని రోజుల ముందు అయిపోతున్నాయి? అన్నయ్య వాళ్ళు వస్తున్నారు.

మర్రిపాలెం మామ:
అది వేరే చర్చలో అడగండి వకీలుగారూ. బుజ్జీ, మెసేజ్ పంపాను, చూడు. ముందు బోగీ ఒక్కటే ప్రింట్ చేద్దాం, బాడీ తర్వాత.