సమస్యాపూరణం: "పచ్చబొట్టె పతకమయ్యె ప్రజలు మెచ్చ"

నిర్వాహకుడు:
మొన్న బెంగళూరు మెట్రోలో, మెజెస్టిక్ దాటాక, నా ఎదురుగా ఒక కుర్రాడు నిలబడ్డాడు. చేతుల్లేని బనీను, జిమ్ము కండ, దాని మీద రెండు రెక్కలు, మధ్యలో బాకు, బాకు మీద నాగరిలో 'బలిదాన్', సైన్యంలో కమాండోల బ్యాడ్జి గుర్తు. ఒక పెద్దాయన లేచి మరీ సీటిచ్చారు. వాడు కూర్చున్నాక "ఏ యూనిట్ బాబూ?" అని అడిగారు. "యూనిట్ ఏంటంకుల్, డిజైన్ బాగుందని వేయించుకున్నా" అన్నాడు. పెద్దాయన మొహం చూడాల్సింది. ఇందిరానగర్ వచ్చేలోపు పాదం కుదిరింది:

*పచ్చబొట్టె పతకమయ్యె ప్రజలు మెచ్చ*

కానివ్వండి. ఈసారైనా 'ఎవరో కలగన్నారు, కలలో ఇలా జరిగింది' అనే పూరణలు వద్దు.

మల్లేశ్వరం మాస్టారు:

పౌండ్రకుఁడు నాఁడు చక్రంబుఁ బట్టి తిరిగె
కృష్ణు గుర్తులఁ దనమేన గీసికొనియె
నేఁటి వీథి నా పౌండ్రకుల్ నిండిరయ్య
పచ్చబొట్టె పతకమయ్యె ప్రజలు మెచ్చ

భాగవతం దశమస్కంధం గుర్తున్నవారికి చెప్పక్కర్లేదు. కరూశ దేశపు రాజు "నువ్వే వాసుదేవుడివి" అని నలుగురు మూఢులు పొగిడితే నమ్మేశాడు. శంఖం, చక్రం, కౌస్తుభం అన్నీ చేయించుకున్నాడు. అక్కడితో ఆగినా బతికిపోయేవాడు. అసలాయనకే "నా గుర్తులు వదిలెయ్" అని కబురంపాడు.

నిర్వాహకుడు:
మాస్టారూ, 'ప్రజలు మెచ్చ' అన్న ముక్కకు ఆ మూఢులు సరిగ్గా అతికారు. ముందు వాళ్లు పొగిడారు, తర్వాతే వాడు గీయించుకున్నాడు. 'గీసికొనియె' దగ్గర ఆగి రెండుసార్లు చదువుకున్నాను.

వైట్‌ఫీల్డ్ వేమన:
పురాణం తిరగేస్తే పూరణ ఎవరికైనా వస్తుంది. మన ఊరి పబ్బులో ఫౌజీలకిచ్చే తగ్గింపు సంగతి వినండి.

గగన మెగిరి దూఁకుట లేదు, గరుడ రెక్క
భుజము మీఁద మాత్రము వ్రాసి పోజు కొట్టె
బిల్లులోఁ బదిశాతము తగ్గె నచట
పచ్చబొట్టె పతకమయ్యె ప్రజలు మెచ్చ

మల్లేశ్వరం మాస్టారు:
'పోజు కొట్టె' బాగుంది, కాదనను. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ వచ్చే అక్షరంతో స్నేహం, 'భు'కు 'పో' కూడా ముచ్చటగా కలిసింది. మూడో పాదం దగ్గరికొచ్చేసరికి 'బి'కీ 'త'కీ స్నేహం ఎప్పుడు కుదిరింది నాయనా? యతిని పబ్బు గుమ్మం దగ్గర చెప్పులతోపాటు విడిచి లోపలికెళ్లినట్టున్నావు. ఇలా అను:

*బిల్లులోఁ బదిశాతమ్ము చెల్లిపోయె*

బిల్లు, చెల్లి: మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలిశాయి. ప్రాసయతి. హాయిగా సరిపోయింది.

వైట్‌ఫీల్డ్ వేమన:
ప్రాసయతి బద్ధకస్తుల యతి అని ఉగాది సమస్యకు ఇదే చోట రాసింది ఎవరు మాస్టారూ? అప్పుడు మీ పూరణలో 'గజేంద్ర' దగ్గర సంధి విడదీయకుండానే 'జే'కి 'చే' వేసి అఖండయతితో గట్టెక్కారు. మేమెవ్వరం నోరెత్తలేదు. పెద్దవారు, పోనీలే అనుకున్నాం.

మల్లేశ్వరం మాస్టారు:
అఖండయతిని ఒప్పుకున్న కవులున్నారు. 'బి–త' యతిని ఒప్పుకున్న కవి ఇంకా పుట్టలేదు.

శివాజీనగర్ వకీలు:
యతి సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. నాకు నచ్చింది ఆ మూడో పాదమే. మొత్తం పద్యంలో నేరమంటూ ఉంటే అక్కడే ఉంది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 168వ సెక్షన్ చూడండి. సైనికుడు కానివాడు, తాను సైనికుణ్ణని జనం నమ్మాలన్న ఉద్దేశంతో అలాంటి దుస్తులు వేసినా, గుర్తు పెట్టుకు తిరిగినా 3 నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీ 140లో ఆ జరిమానా 500. ఉద్దేశం మీదే కేసంతా నిలబడుతుంది. మెట్రో కుర్రాడు "డిజైన్ బాగుందని" అన్నాడు, బయటపడ్డాడు. వేమనగారి పబ్బు కుర్రాడు బిల్లు తగ్గించుకున్నాడు, ఇరుక్కున్నాడు.

అమెరికావాళ్లూ తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చారు. పతకం వచ్చిందని అబద్ధమాడితే చాలు, నేరమేనని 2006లో చట్టం చేశారు. వాక్ స్వాతంత్ర్యానికి అడ్డమని 2012లో వాళ్ల సుప్రీంకోర్టు కొట్టేసింది. డబ్బో లాభమో గుంజడానికి ఆ అబద్ధం ఆడితేనే నేరమని 2013లో మళ్లీ రాసుకున్నారు. అంటే మొదటి రెండు పాదాలు స్వేచ్ఛ, మూడో పాదం శిక్ష.

వైట్‌ఫీల్డ్ వేమన:
చూశారా మాస్టారూ? యతి తప్పినా కేసు నిలబడింది.

ఉల్సూరు సుబేదారు:
గురువుగారూ, ఒక్క సంగతి. ఆ కుర్రాడి చేతి మీద బాకు మొన భుజంవైపు ఉందా, మోచేతివైపు ఉందా?

నిర్వాహకుడు:
భుజంవైపే సుబేదారు గారూ. పైకి పొడుచుకొచ్చినట్టుంది.

ఉల్సూరు సుబేదారు:
అయితే తలకిందులుగా వేయించుకున్నాడన్నమాట. అసలు బ్యాడ్జిలో బాకు మొన కిందికి ఉంటుంది, రెక్కలు పైకి లేస్తాయి. పచ్చబొట్టు వేసినవాడు ఏ ఫొటోనో తిరగేసి చూసుంటాడు. ఇక్కడే జె.సి.నగర్ పక్కన పారా సెంటర్, అంటే పారాచూట్ రెజిమెంటు శిక్షణ కేంద్రం ఉంది. అక్కణ్ణుంచి వచ్చినవాడెవడైనా మెట్రో ఎక్కితే ముందు నవ్వుతాడు, కోపం తర్వాత సంగతి.

మెరూన్ టోపీ పారా రెజిమెంటు వాళ్లంతా పెడతారు. బలిదాన్ మాత్రం స్పెషల్ ఫోర్సెస్ వాళ్లకే. నేను ఎం.ఇ.జి. (మద్రాస్ ఇంజనీర్ గ్రూపు) తంబీని, మద్రాస్ సాపర్ని. పక్క కంటోన్మెంటులోనే సర్వీసంతా గడిచింది, ఆ బ్యాడ్జి చేత్తో ముట్టుకోలేదు. ముట్టుకోవాలని అనిపించలేదు కూడా. నా పూరణ:

మెడను వ్రాసె ఖడ్గమ్మును మీసమెత్తి
సేనఁ జేరఁగాఁ బోయిన సెలవటంచు
త్రిప్పి పంపిరి, వానికిఁ దృప్తిగాను
పచ్చబొట్టె పతకమయ్యె ప్రజలు మెచ్చ

ఇది కల్పన కాదు. భర్తీకి వచ్చినవాడికి పచ్చబొట్టు ఉంటే ముంజేయి లోపలివైపు, మోచేతి నుంచి మణికట్టు దాకా ఉండొచ్చు, లేదా అరచేతి వెనక ఉండొచ్చు. ఆచారం ప్రకారం వేయించుకునే గిరిజనులకు సడలింపు ఉంది. మిగతావాడు సైన్యం మీద ప్రేమకొద్దీ మెడ మీద బాకు గీయించుకుంటే ఆ ప్రేమే వాణ్ణి గేటు బయట నిలబెడుతుంది. అలాంటి పిల్లల్ని చూశాను. తిట్టడానికి నోరు రాదు.

కోరమంగల కోకిల:
సుబేదారు గారూ, ఈ గుంపులో ఇన్నాళ్లకు ఒక కొత్త మలుపు చూశాను. పచ్చబొట్టు వేయించుకున్నందుకే పతకం దూరమైంది! ఒక్క అనుమానం. తిప్పి పంపినవాణ్ణి ప్రజలెందుకు మెచ్చారు? 'తృప్తిగాను' వాడిది, 'మెచ్చ' ఎవరిది?

ఉల్సూరు సుబేదారు:
ఇన్‌స్టా చూడమ్మా.

వైట్‌ఫీల్డ్ వేమన:
మరి ధోని సంగతో? 2019 ప్రపంచకప్‌లో, సౌతాంప్టన్‌లో దక్షిణాఫ్రికా మ్యాచ్‌కి గ్లవ్స్ మీద అదే గుర్తుతో దిగాడు. దేశమంతా మెచ్చింది. ఐసీసీ తీసెయ్యమంటే ఐసీసీనే తిట్టాం.

ఉల్సూరు సుబేదారు:
ఐసీసీ చెప్పింది గ్లవ్స్ నిబంధన, సైన్యం నిబంధన కాదు. ధోని 2011 నుంచి టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కర్నల్. 2015లో ఆగ్రాలో 5 సార్లు విమానం నుంచి పారాచూట్‌తో దూకి రెక్కల బ్యాడ్జి సంపాదించాడు. రెక్కలు ఆయన సొంతం. ఆ బాకు మాత్రం రెక్కలతోపాటు రాదని మావాళ్లలోనే అన్నవాళ్లున్నారు. మీ పద్యంలో మొదటి పాదం ఆయనకు చెల్లదు బాబూ.

కోరమంగల కోకిల:
అందరూ సమస్యతో కుస్తీ పడుతున్నారు. నేను విడదీసి పారేస్తున్నాను.

మేనిపై నేది చెరుగదు? మేటి యోధు
నెడఁద కేది భూషణమయ్యె? నేత లెపుడు
వేషములు మార్తు రెందుకై వీధివీధి?
పచ్చబొట్టె; పతకమయ్యె; ప్రజలు మెచ్చ!

నిర్వాహకుడు:
క్రమాలంకారం! మూడు ప్రశ్నలకు మూడు ముక్కలు ఊడొచ్చాయి. మూడో ప్రశ్న మరీ గడుసు. సైనికుల దుస్తుల్లో ఫొటో దిగాలని తహతహలాడేది కుర్రాళ్లు మాత్రమేనా అని అడక్కుండానే అడిగేశారు.

మల్లేశ్వరం మాస్టారు:
పద్యం నిర్దుష్టం. అయితే ఇది సమస్యను పూరించడం కాదు, సమస్య ఇంటి వెనక తలుపులోంచి వెళ్లిపోవడం. పతకానికీ పచ్చబొట్టుకీ పెట్టిన తగాదాను అమ్మాయి విడాకులిప్పించి తేల్చేసింది.

కోరమంగల కోకిల:
మాస్టారూ, ఆ రెండూ విడిగా ఉండాలనే కదా సుబేదారు గారు పొద్దున్నించీ చెబుతున్నది?

శివాజీనగర్ వకీలు:
కోర్టుకు ఈ పూరణే కావాలి. ఇంకొకటి. 2016 జనవరిలో పఠాన్‌కోట్ దాడి తర్వాత సైనికుల తరహా బట్టలు మామూలు జనం కొనొద్దు, దుకాణాలవాళ్లు అమ్మొద్దు అని సైన్యం విజ్ఞప్తి చేసింది. 2022లో కొత్త నమూనా యూనిఫాం వచ్చాక దాని డిజైన్‌ను సైన్యం తన పేర రిజిస్టరు కూడా చేయించుకుంది. బట్ట మీద గీసిన నమూనాకు చట్టం కాపలా ఉంది. చర్మం మీద గీస్తే ఏ ఆఫీసు ఆపుతుంది?

ఉల్సూరు సుబేదారు:
ఆపక్కర్లేదు వకీలుగారూ. గీయించుకోనివ్వండి. ఎవరైనా లేచి సీటిస్తే మాత్రం "నేను కాదండీ" అనాలి. కూర్చున్నాక కాదు, కూర్చోకముందు.

వైట్‌ఫీల్డ్ వేమన:
సుబేదారు గారి మాటకు దండం. నా పూరణ మూడో పాదం సవరించి మళ్లీ పెడుతున్నాను, నిర్వాహకులు లెక్కలోకి తీసుకోవాలి:

*బిల్లులోఁ బదిశాతమ్ము చెల్లిపోయె*

మల్లేశ్వరం మాస్టారు:
వకీలుగారూ, నేను కష్టపడి సంపాదించిన ప్రాసయతిని ఈయన తన పద్యానికి తగిలించుకుని తిరుగుతున్నాడు. 168 వర్తిస్తుందా?

శివాజీనగర్ వకీలు:
తాను ఛందస్సు తెలిసినవాణ్ణని జనం నమ్మాలన్న ఉద్దేశం రుజువు చెయ్యాలి మాస్టారూ. వేమనగారి పాత పూరణలు చూస్తే ఏ జడ్జీ నమ్మడు.